లేచి, నడిచి, తిరిగొచ్చే పరీక్ష

పెద్దవయసువాళ్ళు పడిపోయే ప్రమాదం ఎంతుందో చూడటానికి ఫిజియోథెరపిస్టులు ఎక్కువగా చేయించే పరీక్ష ఒకటుంది. చేతులున్న కుర్చీలోంచి లేవాలి, 3 మీటర్ల దూరంలోని గీత దాకా మామూలుగా నడవాలి, వెనక్కి తిరిగి వచ్చి మళ్ళీ కూర్చోవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. దాని పేరు ‘టైమ్డ్ అప్ అండ్ గో’. పుట్టినప్పుడు మాత్రం దీనికి గడియారంతో పనే లేదు.

నిలకడను పరీక్షించడం అంతకుముందూ ఉంది. 19వ శతాబ్దంలో బెర్లిన్ వైద్యుడు మోరిట్జ్ రోంబర్గ్ రోగిని పాదాలు దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడమనేవాడు. అది వెన్నుపాము జబ్బును పట్టుకోవడానికి. కానీ ముసలివాళ్ళు పడేది కదలకుండా నిలబడినప్పుడు కాదు కదా! మంచం మీంచి లేస్తూ, చటుక్కున పక్కకు తిరుగుతూ పడతారు.

ఆ కదలికలనే పరీక్షగా మలిచినవాళ్ళు మథయాస్, నాయక్, బెర్నార్డ్ ఐజాక్స్. ఐజాక్స్ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో వృద్ధుల వైద్యానికి ప్రొఫెసర్‌గా ఉండేవాడు. కదల్లేకపోవడం, తూలిపడటం, మలమూత్రాలు ఆపుకోలేకపోవడం, మతిమరుపు – ఈ నాలుగింటినీ ముసలితనపు మహాకాయులుగా గుర్తించినవాడు. 1986లో ఈ ముగ్గురూ ప్రచురించిన ‘గెటప్ అండ్ గో’లో రోగి నడకను పరీక్షకులు కళ్ళతో చూసి 1 నుంచి 5 దాకా మార్కులు వేసేవారు. 1 అంటే ఏ ఇబ్బందీ లేదు, 5 అంటే పడిపోయే ప్రమాదం బాగా ఉంది. మధ్య మార్కుల దగ్గరే పేచీ: ఒకరు 2 అన్నచోట ఇంకొకరు 3 అనవచ్చు.

ఆ పేచీని తీర్చింది స్టాప్‌వాచ్. 1991లో కెనడాలోని మాంట్రియల్‌లో డయాన్ పోడ్సియాడ్లో, శాండ్రా రిచర్డ్‌సన్ మార్కులు తీసేసి సెకన్లు లెక్కపెట్టారు. 20 సెకన్లలోపు ముగించినవాళ్ళు చాలావరకు తమ పనులు తామే చేసుకోగలరని, 30 దాటినవాళ్ళకు ఇంకొకరి సాయం కావాలని తేల్చారు. 2000లో పరిశోధకురాలు షమ్‌వే-కుక్ బృందం పడిపోయే ప్రమాదానికి 13.5 సెకన్లను హద్దుగా పెట్టింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఇప్పుడు 12 సెకన్లంటోంది.

హద్దు ఇన్నిసార్లు మారిందంటే ఆ అంకెను ఎంతవరకు నమ్మాలో ఆలోచించాలి. పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన 2014 నాటి సమీక్ష కూడా, సొంత ఇళ్ళలో ఉండే వృద్ధుల్లో ఎవరు పడతారో చెప్పడానికి ఈ ఒక్క పరీక్ష చాలదంది. నా మటుకు నాకు ఐజాక్స్ పద్ధతిలోని చూపే విలువైనదిగా కనిపిస్తుంది. లేచేటప్పుడు రెండు మూడుసార్లు ఊగారా, తిరిగేటప్పుడు చిన్న చిన్న అడుగులేశారా, గోడ కోసం చెయ్యి చాపారా – ఇవేవీ గడియారంలో కనిపించవు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఈమధ్య ఒక్కసారి పడినా, నడవడానికి భయపడుతున్నా డాక్టరుకు చెప్పండి. వాడే మందులు, కంటిచూపు, లేచి నిలబడగానే బీపీ పడిపోతోందా అన్నవి కూడా చూడమనండి. ఈ పరీక్ష చేయించేటప్పుడు పక్కన ఒక మనిషి పట్టుకునేంత దగ్గరలో ఉండి తీరాలి.