వారాల విస్తరి నుండి పార్కు బల్ల వరకు: మదరాసు చేరిన తెలుగు యువకులపై ఒక పరిశీలన

చేత చిల్లిగవ్వ లేక, ఎచట దిగవలెనో ఎరుగక, మదరాసు చేరినచో ఏదో యొక దారి దొరకకపోదను నమ్మకమునే మూటగట్టుకొని, గడచిన శతాబ్ది నడిమి దశకములలో కోస్తా జిల్లాలనుండియు రాయలసీమనుండియు రైలెక్కిన తెలుగు యువకులను గూర్చి మనవారు సాధారణముగ రెండే మాటలు చెప్పుదురు: నెగ్గినవానిది సాహసమనియు, ఓడినవానిది అవివేకమనియు. ఈ రెండును ఫలితమును చూచి పలికిన మాటలే కాని, ఆ యువకుడు తొలి మూడు మాసములు ఎచట పరుండెను, ఎవరి చేతి అన్నము తినెను, ఎవరికి బాకీపడెను అను ప్రశ్నల జోలికి పోయినవి కావు. ధనము లేకుండుట వేరు, ఆధారము లేకుండుట వేరు. పేద విద్యార్థికి మన యూళ్లలో తరతరాలుగ లభించుచుండిన ఆధారమొకటి మహానగరపు పొలిమేరలో నిలిచిపోయెననియు, దానిని నగరములో మరల కట్టుకొనగలిగినవాడే అచట కాలూనెననియు నా అభిప్రాయము.

ఘంటసాల వేంకటేశ్వరరావు జీవితమున ఈ రెండు స్థితులును ప్రక్కప్రక్కనే కానవచ్చును. 1922లో జన్మించి, బాల్యముననే తండ్రిని కోల్పోయిన ఆయన, సంగీతము నేర్వవలెనను పట్టుదలతో చేతి యుంగరమును అమ్ముకొని విజయనగరము చేరునప్పటికి సంగీత కళాశాలకు వేసవి సెలవులు. ఐనను ఆ యూరు ఆయనను వెళ్లగొట్టలేదు. తలదాచుకొనుటకు కళాశాల ఆవరణము దొరకెను, ఆకలికి మధుకరముండెను. భుజమున జోలె వ్రేలాడ ఇంటింటి ముంగిట నిలిచి, తల్లులు పెట్టిన అన్నమును తెచ్చుకొని తిని, పట్రాయని సీతారామశాస్త్రిగారి కడ ఆయన సాధన చేసెను. మధుకరమెత్తుట, వారాలు చెప్పుకొనుట, సత్రపు భోజనము అనునవి నేటివారికి యాచనగ తోపవచ్చును. కాని సోమవారమొకరి యింట, మంగళవారము మరియొకరి యింట విస్తరి ముందు కూర్చున్న వారాలబ్బాయికి, వడ్డించు ఇల్లాలికి నడుమ నొక ఒడంబడిక యుండెను: అన్నము పెట్టుట ఆమె ధర్మము, చదువు ముగించుట అతని చెల్లింపు. అది ఎవరును చీటీ వ్రాయని అప్పు.

అదే యువకుడు 1942 క్విట్ ఇండియా ఉద్యమమున చెరసాలకు పోయివచ్చి, వివాహమైన పిమ్మట, కచేరీలవలన కూడిన కొద్ది సొమ్మునకు కొంత అప్పు చేర్చుకొని, సినీరచయిత సముద్రాల రాఘవాచార్యుల మాటను నమ్మి మదరాసునకు వచ్చెను. ఆచార్యులవారి యిల్లు చిన్నది. వారికి భారము కాగూడదని ఆయన పానగల్ పార్కునకు మకాము మార్చి, అచటి కావలివానికి నెలకు 2 రూపాయలు ముట్టజెప్పుచు, పగలెల్ల అవకాశములకై తిరిగి రాత్రి అచటనే పరుండెడివాడు. ఈ 2 రూపాయల యొద్ద పాఠకుడు ఒకింత నిలువవలెనని నా ప్రార్థన. విజయనగరమున అన్నమే వెల లేక లభింపగా, మదరాసున ఆకాశము క్రింద కన్నుమూయుటకు గూడ అద్దె యుండెను. ఆ పార్కున్న పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ శ్రేష్ఠియు, ఆ పార్కునకు పేరిచ్చిన పానగల్ రాజా రామరాయణింగారును తెలుగువారే. రాజావారు 1921 నుండి 1926 వరకు మదరాసు రాజధానికి ప్రధానమంత్రి. ఐనను వీధి పేర్లలోని తెలుగుతనము ఆకలిగొన్నవానికి విస్తరి వేయజాలదు.

అందుచేత వచ్చినవారు వారాలను తమకు చేతనైన రీతిని పునర్నిర్మించుకొనిరి. ఒకడు అద్దెకు తీసికొనిన గదిలో నలుగురు చాపలు పరచుకొందురు. మెస్సులో ఒకని పేర ఖాతా నడచును. ఉన్న ఒక్క ఇస్త్రీ చొక్కాను ఆనాడు స్టూడియోకు పోవలసినవాడు తొడుగుకొనును. ముందు పని దొరకినవాడు వెనుక వచ్చినవాని బాకీ తీర్చును. ఏలూరు ప్రాంతపు సోమవరప్పాడునుండి, ఇంట చెప్పక, 100 రూపాయలతో బొంబాయి చేరిన ఎల్.వి. ప్రసాదు, అచట చిన్నచిన్న పనులు చేసి, 1931లో 'ఆలం ఆరా'యందు చిన్న వేషము ధరించెను. పిమ్మట మదరాసు చేరి, 1949లో 'మనదేశం' చిత్రమునకు దర్శకుడైనది ఆయనయే. దానికి సంగీతము కూర్చినది పార్కులో పరుండిన ఘంటసాల. అందు ఇన్‌స్పెక్టరు వేషముతో తొలిసారి తెరకెక్కినది సబ్‌రిజిస్ట్రారు కొలువు వదలివచ్చిన నందమూరి తారకరామారావు. అంతకుముందు 1945లో 'స్వర్గసీమ'లో పాడినందుకు ఘంటసాలకు ముట్టినది 116 రూపాయలు. ఈ నూటపదహార్లు పండితునకు తాంబూలములో నుంచి యిచ్చు సంభావన లెక్క. మన పల్లె మర్యాద స్టూడియో లోపలికి సైతము నడచివచ్చినదని దీనిని చూచి నేను సంతోషింతును.

కాని ఈ మర్యాదకు హద్దులుండెననుట దాచరాదు. మధుకరపు జోలె బ్రాహ్మణ బాలుని భుజముననే యుండెను. తక్కిన కులములవారు బంధువుల యిండ్లను, కుల వసతిగృహములను ఆశ్రయింపవలసినవారే. దళిత బాలునకు ఆ ముంగిట నిలుచుటకే తావులేదు. నగరపు గదులలోను ఊరు, కులము, చుట్టరికము చూచియే చాప చోటిచ్చెడివారు. ఇక స్త్రీల మాట వేరు. గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి, పెదనాన్న వెంట మదరాసు వచ్చి, 1950లో 'సంసారం' చిత్రమున చిన్న వేషముతో సరిపెట్టుకొనవలసివచ్చినను నగరమున నిలువగలిగినదనిన, రాత్రికి చేరుటకు ఆమెకొక గడప యుండుట వలననే. పురుషునకు పార్కు బల్ల దొరకినది; ఆడపిల్లకు అదియును లేదు. ఒంటరిగ వచ్చిన ఆడపిల్లల కథలు మనకు దక్కకపోవుటకు కారణము వారు రాకపోవుట కాదని నేను గట్టిగ నమ్ముదును.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడి, మదరాసు అన్యరాష్ట్రపు నగరమైన పిమ్మటను ఈ రైళ్లు ఆగలేదు. స్టూడియోలు అచటనే యుండెను గదా. కోడంబాకము రైల్వే గేటు ఆ దినములలో వేచియుండువారి తీర్థము. బండి వచ్చునప్పుడు గేటు పడును. వడపళని స్టూడియోలకు పోవు నటుల కార్లు వరుసగ నిలుచును. ఆ కొద్ది నిమిషములు కిటికీ అద్దమునకు ముఖమును చేరువ చేసి, తమ ముఖమును ఎవరైన గుర్తింతురేమో యని యువకులు నిలువబడెడివారు. వారిలో తిరుగు బండి యెక్కినవారే హెచ్చు. వారికి జీవితచరిత్రలు లేవు. వారి మెస్సు ఖాతా పుస్తకములు చిత్తుకాగితములైపోయినవి. 1965లో అచట వంతెన వెలసెను. అటుపై కార్లు ఆగుట మానెను.