ఆటకు ఆయువు పోసినవారు

వీడియో ఆటను కొనదలచిన వారికి ఒక ప్రశ్న తరచుగా ఎదురగుచున్నది. ఈ ఆటలో ఆడువారు స్వయముగా మార్పులు చేసికొనుటకు వీలు కలదా? ఆ వీలును బట్టి ఆటను కొనుటో మానుటో నిర్ణయించుకొనవచ్చునా? ముఖ్యముగా పాత్రధారణ ఆటల విషయమున ఈ ప్రశ్న బలముగా వినవచ్చుచున్నది. పాత్రధారణ ఆట యనగా, ఆడువాడు ఒక కల్పిత లోకములో ఒక పాత్రను ధరించి, ఊళ్లు తిరిగి, అచటి వారితో మాటలాడి, యుద్ధములు చేసి, క్రమముగా బలమును విద్యలను సంపాదించుకొనునట్టి ఆట. ఇది ఒక పూటతో ముగియునది కాదు. నూరు గంటలు ఆడినను తరుగని ఆటలు ఇందులో కలవు. వెల కూడ అల్పము కాదు. క్రొత్తగా వెలువడిన పెద్ద ఆట మన దేశమున వేల రూపాయలు పలుకును. విద్యార్థి నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము ఒక్కమారుగా వ్యయమగును. కావున ప్రశ్న చిన్నదిగా కనబడినను ఆలోచింపదగినదే. జవాబు కొరకు ఈ ఆటల చరిత్రను కొంత పరిశీలింపవలెను.

ఆటను తయారుచేసిన సంస్థ కాక, దానిని కొని ఆడువారు అందులో చేయు మార్పును ‘మాడ్’ అందురు. ఇది మార్పు అను అర్థము గల ఆంగ్ల పదమునకు కురచ రూపము. ఒక కత్తి రంగును మార్చుట మొదలు క్రొత్త దేశమునే నిర్మించి చేర్చుట వరకు అన్నియు మాడ్‌లే. ఇట్టి పనికి సంస్థయే పనిముట్లను, అనుమతిని ఇచ్చినచో దానిని మాడ్‌లకు ఆదరువు అని చెప్పుదురు.

తొలి ప్రయత్నములు

ఈ ఆలోచన క్రొత్తది కాదు. అమెరికాలోని అయోవా రాష్ట్రమునకు చెందిన డోనల్డ్ బ్రౌన్ 1980 ప్రాంతమున ‘యాపిల్ 2’ కంప్యూటరుపై ‘ఈమన్’ అను ఆటను రచించెను. అందులో బొమ్మలు లేవు. అంతయు మాటలతోనే నడచును. ఆడువాని పాత్ర ఒక ప్రధానమైన డిస్కుపై నుండును. ఒక్కొక్క సాహసగాథ వేరొక డిస్కుపై నుండును. క్రొత్త గాథను ఎవరైనను వ్రాసి చేర్చవచ్చును. బ్రౌన్ ఈ ఆటను అమ్మక, అందరికిని ఉచితముగా విడిచిపెట్టెను. కాలక్రమమున పలువురు కలసి రెండు వందలకు పైగా గాథలను దానికి చేర్చిరి. ఒక్కడు వ్రాయజాలనంత ఆటను అనేకులు వ్రాసిరి.

తరువాత సంస్థలును ఈ దారి పట్టినవి. 1991లో ‘బార్డ్స్ టేల్ కన్‌స్ట్రక్షన్ సెట్’, 1993లో ‘అన్‌లిమిటెడ్ అడ్వెంచర్స్’ అనునవి వెలువడినవి. ఇవి ఆటలనుటకంటె ఆటలను నిర్మించు పెట్టెలనుట ఒప్పును.

ఇంజను వేరు, సరకు వేరు

మాడ్‌ల చరిత్రలో పెద్ద మలుపు పాత్రధారణ ఆటలలో గాక, కాల్పుల ఆటలలో వచ్చినది. 1992లో ‘ఇడ్ సాఫ్ట్‌వేర్’ సంస్థ వెలువరించిన ‘వుల్ఫెన్‌స్టైన్ 3డి’ అను ఆటను కొందరు ఆటగాండ్రు తమంత తాము విప్పి, అందలి బొమ్మలను, గదులను మార్చివేసిరి. అది ఎవరును అనుమతించిన పని కాదు. మూల దస్త్రములపైననే మార్పులు వ్రాయవలసి వచ్చినందున పాత ఆట చెడిపోవుచుండెను. ఆ సంస్థలో ప్రధాన ప్రోగ్రామరు అయిన జాన్ కార్మాక్ దీనిని చూచి కోపింపలేదు. 1993 డిసెంబరులో వెలువడిన ‘డూమ్’ ఆటను ఆయన వేరొక పద్ధతిలో నిర్మించెను. గణనలు చేయునట్టి, బొమ్మలను తెరపై గీయునట్టి ప్రోగ్రాము ఒకవైపు నుండును. దానిని ఇంజను అందురు. పటములు, చిత్రములు, ధ్వనులు మొదలగు సరకు అంతయు ‘వాడ్’ అను ప్రత్యేక దస్త్రములో నుండును. ఎవరైనను తమ సొంత వాడ్ దస్త్రమును తయారుచేసినచో, మూలమునకు హాని లేకుండ ఇంజను దానిని చదువుకొనును. మరుసటి ఏడే పటములను నిర్మించు పనిముట్లను ఆటగాండ్రే వ్రాసికొనిరి.

ఇంజనుకు, సరకుకు గల ఈ భేదము ఈ విషయమంతటికిని తాళపుచెవి వంటిది. ఒక ఉదాహరణము చూడుడు. ఒక ఆటలోని సంభాషణలను తెలుగులోనికి మార్చవలెనన్న, ఆ మాటలు విడి దస్త్రములో నున్నచో అనువాదము ఎవరైనను చేయవచ్చును. కాని వత్తులను గుణింతములను సరిగా కూర్చి చూపు శక్తి ఇంజనులోనే లేనిచో, అనువాదమెంత చక్కనిదైనను తెరపై అక్షరములు విడివిడిగా చెదరిపోవును. సరకును మార్చుట సులభము. ఇంజనును మార్చుట దుష్కరము.

2వ డిస్కు

పాత్రధారణ ఆటలకు 2002 చిరస్మరణీయమైన సంవత్సరము. ఆ ఏడు మే మాసమున అమెరికాలోని బెథెస్డా సంస్థ ‘మారోవిండ్’ను వెలువరించినది. దాని కంప్యూటరు పెట్టెలో ఆటతోపాటు, ‘కన్‌స్ట్రక్షన్ సెట్’ అను పనిముట్టు గల మరియొక డిస్కును పెట్టిరి. దీనితో కొనినవాడు ఇండ్లను, గుహలను, మనుష్యులను, సంభాషణలను తానే నిర్మించుకొనగలడు. జూన్‌లో కెనడాలోని బయోవేర్ సంస్థ ‘నెవర్‌వింటర్ నైట్స్’ను ‘అరోరా’ అను పనిముట్టుతో కలిపి విక్రయించినది. ఈ రెండు ఆటలును పనిముట్టును తాయిలముగా గాక, సరకులో భాగముగనే ఇచ్చినవి.

ఇక్కడ కొనువారికి ఒక పాఠము కలదు. అదే ‘మారోవిండ్’ ‘ఎక్స్‌బాక్స్’ అను ఆటల యంత్రమునకు కూడ ఆ ఏడే వెలువడినది. దానిలో ఆ పనిముట్టు లేదు. మాడ్‌లను చేర్చు వీలును లేదు. ఆట పేరు ఒక్కటే యైనను, ఒకరు కొనినది ముగిసిన కథ, మరియొకరు కొనినది పెరుగుచున్న కథ. కంప్యూటరుపై ‘టామ్రియెల్ రీబిల్ట్’ అను ఔత్సాహికుల బృందము, ఆటలో చూపని ప్రధాన భూభాగమును నిర్మించుటకు పూనుకొని, ఆట వెలువడి 20 ఏండ్లు గడచిన పిమ్మట కూడ క్రొత్త ప్రాంతములను వెలువరించుచుండెను.

తప్పొప్పుల పట్టిక

ఇట్టి ఆటలలో మాడ్ ఎట్లు పనిచేయునో తెలిసికొనుటకు పాఠ్యపుస్తకమును తలచుకొనిన చాలును. అచ్చయిన పుస్తకములో తప్పులు దొర్లినచో ప్రకాశకులు పుస్తకమును మరల అచ్చువేయక, తప్పొప్పుల పట్టికను ఒక చీటీగా చేర్చుదురు. పుస్తకము మారదు, చదువువాడు చీటీని చూచి సవరించుకొనును. ‘మారోవిండ్’ వంటి ఆటలలో ప్రధాన దస్త్రము పుస్తకము వంటిది. మాడ్ దస్త్రము చీటీ వంటిది. “ఫలానా సంఖ్య గల కత్తి బరువు ఇంత కాదు, ఇంత” అని అందులో నుండును. చీటీని తీసివేసినచో మూలము యథాప్రకారము నిలుచును. ఒకే వాక్యమును రెండు చీటీలు రెండు విధములుగా సవరించినచో, చివర చదివిన చీటీయే చెల్లును. అందుచేత మాడ్‌లను వాడువారు వాని వరుసను జాగ్రత్తగా అమర్చుకొందురు. వరుస తప్పినచో ఆట వింతగా ప్రవర్తించును, ఒక్కొక్కప్పుడు ఆగిపోవును.

మరియొక రకపు మాడ్‌లు కలవు. ఇవి సరకును గాక, ఇంజను నడుచుచుండగా దాని లోపలికే చొచ్చి పనిచేయును. ‘ఫలానా పుటలో ఫలానా పంక్తి’ అని గుర్తుపెట్టుకొనిన చీటీ వంటివి యివి. ప్రకాశకులు పుస్తకమును మరల కూర్చి అచ్చువేసినచో పుటలు జరిగి, చీటీ వేరొక పంక్తిని చూపును. సంస్థ ఆటకు క్రొత్త సవరణ పంపిన దినమున కొన్ని మాడ్‌లు నిలిచిపోవుటకు కారణమిదియే.

ఆయువు ఎట్లు పెరిగినది

మాడ్‌ల మేలునకు రెండు నిదర్శనములు చాలును. 2004 నవంబరులో ట్రోయికా అను చిన్న సంస్థ ‘వాంపైర్: ది మాస్కరేడ్ — బ్లడ్‌లైన్స్’ను వెలువరించినది. రచన మెచ్చదగినదే కాని ఆట నిండ తప్పులుండెను. 2005లో సంస్థ మూతబడినది. సరిదిద్దు దిక్కు లేకపోయెను. అప్పుడు ఆటగాండ్రే ఆ పనికి పూనుకొనిరి. జర్మనీకి చెందిన వెర్నర్ ష్పాల్ అను ఆటగాడు ఏండ్ల తరబడి సవరణలను ఉచితముగా వెలువరించుచు వచ్చెను. ఆ ఆటను నేడు ఆడగలుగుచున్నారన్న అందులో పెద్ద పాలు ఆ సవరణలదే. ఇచ్చట కన్నవారు కాదు, పెంచినవారు ఆయువు పోసిరి.

రెండవది 2011 నవంబరులో వెలువడిన ‘స్కైరిమ్’. దానికి 2012 ఫిబ్రవరిలో ‘క్రియేషన్ కిట్’ అను పనిముట్టు వచ్చినది. కంప్యూటరుపై వస్తువుల జాబితా చూచుకొనుట చిక్కుగా నున్నదని ఆటగాండ్రు ‘స్కైయూఐ’ అను మాడ్‌తో దానిని చక్కజేసిరి. ఆస్ట్రేలియాకు చెందిన నిక్ పియర్స్ అను న్యాయవాది ‘ది ఫర్గాటెన్ సిటీ’ అను గాథను మాడ్‌గా 2015లో రచించెను. 2016లో దానికి ఆస్ట్రేలియా రచయితల సంఘపు పురస్కారము లభించినది. 2021లో అది స్వతంత్రమైన ఆటగా వెలువడినది. ఒకరి ఆట మరియొకరికి పాఠశాల అయినదని చెప్పవచ్చును.

మూసికొను తలుపులు

అయితే చరిత్రకు రెండవ ముఖము కూడ కలదు. 2015 ఏప్రిల్ 23న వాల్వ్, బెథెస్డా సంస్థలు ‘స్కైరిమ్’ మాడ్‌లను వెలకు అమ్ము ఏర్పాటు చేసినవి. వచ్చిన సొమ్ములో మాడ్ రచించినవానికి 25 శాతమే. మిగిలిన 75 శాతమును సంస్థలు పంచుకొనును. ఆటగాండ్రు తీవ్రముగా నిరసించిరి. నాలుగు దినములలో, 27న ఆ ఏర్పాటును రద్దుచేసిరి. ఆదరువు ఇచ్చినవారే దాని షరతులను ఒక్క దినములో మార్చగలరని దీనివలన తేటతెల్లమైనది.

2024 ఏప్రిల్‌లో ‘ఫాలౌట్ 4’కు, ఆట వెలువడిన ఎనిమిదేండ్లకు, పెద్ద సవరణ వచ్చినది. దానివలన అనేక మాడ్‌లు నిలిచిపోయినవి. ఏండ్లుగా శ్రమించి ‘ఫాలౌట్: లండన్’ను సిద్ధము చేసికొనిన ఔత్సాహికుల బృందము ఆ నెలలోనే వెలువరింపదలచి, జూలై వరకు ఆపుకొనవలసి వచ్చినది. పిదప కూడ దానిని ఆడుటకు మూల ఆటను వెనుకటి రూపమునకు త్రిప్పవలసియే యుండెను.

అన్నిటికంటె కొనువారికి హెచ్చరిక యైనది వేరొకటి. ‘నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2’ అను ఆట 2004లో తొందరపాటున వెలువడి, కథలో కొంత భాగము తొలగింపబడినది. దస్త్రములలో మిగిలిన ముక్కలను ఏరి, ఆటగాండ్రు కంప్యూటరుపై మాడ్‌గా పునరుద్ధరించిరి. 2022లో ఆస్పైర్ సంస్థ ఈ ఆటను ‘నింటెండో స్విచ్’ యంత్రమునకు తెచ్చుచు, ఆ భాగమును తరువాత చేర్చెదమని ప్రకటించినది. 2023 జూన్‌లో ఆ ప్రయత్నమును విరమించుకొంటిమని తెలిపినది. ఆ మాటను నమ్మి కొనినవారికి ఆ భాగము దక్కలేదు.

కొనువాడు చూడవలసినది

ఈ చరిత్రను బట్టి జవాబు చెప్పవచ్చును. మాడ్‌లకు ఆదరువు ముఖ్యమే. కాని అది కొనుబడి సరకు కాదు. సంస్థ ఇచ్చునది తలుపు మాత్రమే. లోపలికి వచ్చి దీపము పెట్టువారు వేరు. వారికి జీతము లేదు, గడువు లేదు, బాధ్యత లేదు. వారు రావచ్చును, రాకపోవచ్చును. కావున ఉన్నది ఉన్నట్లు ఆడుటకు ఆట తగినదా యని మొదట చూడవలెను. తగనిదైనచో, ముందు రాబోవు మాడ్‌లు బాగుచేయునన్న ఆశతో కొనరాదు. 2023 ఆగస్టులో వెలువడిన ‘బాల్డర్స్ గేట్ 3’కు అధికారికమైన మాడ్ పనిముట్లు 2024 సెప్టెంబరులో గాని రాలేదు. అంతవరకు ఆ ఆట తన గుణమువలననే ఆదరణ పొందినది.

తగినదైనచో, రెండవ ప్రశ్న వేసికొనవలెను. మాడ్‌లు ఇప్పటికే ఉన్నవా? కొనబోవు యంత్రముపై అవి పనిచేయునా? సవరణ వచ్చినప్పుడు పాత రూపమును నిలుపుకొను వీలు కలదా? పాత ఆటల విషయమున ఈ ప్రశ్నల విలువ మరింత హెచ్చును. ఏలననగా, అచ్చట మాడ్‌లు వాగ్దానములు కావు. కంటికి కనబడు ఫలములు. కథను ఒక్కమారు ఆడి విడుచువానికి వీనితో అంతగా పనిలేదు. ఒకే లోకములో ఏండ్ల తరబడి మసలుకొనదలచినవానికి ఇవి లేక గడవదు.

కొందరు విద్యార్థులకు మూడవ ప్రయోజనము కూడ కలదు. మూలమును చెడగొట్టక ఒక చిన్న చీటీతో కత్తి బరువును మార్చి, ఫలితమును తెరపై చూచినవాడు, దత్తాంశమనగా నేమో, ప్రోగ్రామనగా నేమో చేతితో తాకి తెలిసికొనినవాడగును. వారికి మాత్రము, ఆటతోపాటు వచ్చిన పనిముట్టు ఆట కంటె ఎక్కువ విలువైనది కావచ్చును.