కోనసీమ తీరపు గుల్లలు: సున్నపు బట్టీ నుండి జీవశాస్త్రం వరకు

గౌతమీ, వసిష్ఠ గోదావరుల నడుమ ఏర్పడిన కోనసీమ తీరమంతా ఇసుక, ఒండ్రు. విశాఖపట్నం వద్ద ఉన్నట్లు సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండరాళ్ళు ఇక్కడ లేవు. నారపోగుల వంటి తంతువులతో గట్టి ఆధారాన్ని పట్టుకొని జీవించే పచ్చ ఆల్చిప్పకు ఇది అనువైన చోటు కాదు. ఒండ్రులో పూడుకొని బతికే గుల్లజాతులకు మాత్రం ఇంతకన్న మేలైన నేల అరుదు. అందువల్ల అంతర్వేది, ఓడలరేవు మొదలుకొని గౌతమికి ఉత్తరాన ఉన్న కాకినాడ అఖాతం వరకు ఈ చరిత్ర ప్రధానంగా గుల్లల చరిత్రే.

ఈ గుల్లలు చరిత్రలోకి ఆహారంగా కంటే సున్నంగానే ఎక్కువగా ప్రవేశించాయి. బట్టీలో పేర్చి కాల్చిన గుల్లపై నీళ్ళు చల్లితే విచ్చుకొనే తెల్లని పొడి గుల్లసున్నం. గోడకు వెల్ల అదే, తాంబూలంలోకి అదే, గానుగలో ఇసుకతో నూరితే కట్టడానికి అదే. బట్టీకి బతికిన గుల్లా, ఏనాడో చచ్చి ఒండ్రులో మిగిలిన గుల్లా ఒక్కటే. ఈ సంగతి పరిశోధకునికి చాలా ముఖ్యం. సున్నపు గుల్ల ఎన్ని టన్నులు తీశారన్న లెక్క సజీవ సంతతి ఉత్పాదకతకు కొలమానం కాజాలదు. అందులో కొన్ని తరాల చావు కలిసి ఉంటుంది.

జీవి వయస్సును, పెరుగుదలను విడిగా లెక్కించడం 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కృషితో సాధ్యమైంది. ఆ సంస్థ శాస్త్రవేత్త కె.ఎ. నరసింహం కాకినాడ అఖాతపు గుల్లల వేటపై 1973లోను, బుడితగుల్ల జీవశాస్త్రంపై 1988లోను ప్రచురించిన పత్రాలు ఈ మార్పుకు ఆధారాలు. ఎంత తీశారన్న ప్రశ్న పక్కన, ఎంత కాలంలో ఎంత పెరిగిందన్న ప్రశ్న చేరింది.

ఆ పెరుగుదలకు గోదావరి మేలూ కీడూ రెండూ చేస్తుంది. వరద తెచ్చే పోషకాలు సూక్ష్మ శైవలాలను పెంచుతాయి; నీటిని వడగట్టి గుల్ల తినేది వాటినే. అదే వరద ఉప్పదనాన్ని మరీ తగ్గిస్తే గుల్ల చిప్పలు మూసుకొని మేత మానుతుంది, పెరుగుదల ఆగుతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నదినీటిని కాలువలకు మళ్ళించింది. వరికి జరిగిన మేలును గురించి ఎంతో రాశారు. దిగువన ముఖద్వారాల్లో ఉప్పు, తీపి నీళ్ళ పాళ్ళు ఎలా మారాయన్న దృష్టితో అవే నీటిపారుదల పత్రాలను మళ్ళీ చదవవలసి ఉంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజనతో అఖాతం కాకినాడ జిల్లాకు, వసిష్ఠ, వైనతేయ ముఖాలు కోనసీమకు చెందాయి. అంతకు ముందరి దశాబ్దాల పత్రాలను తూర్పుగోదావరి పేరుతో వెదకాలి.