చింతపండుతో తోమిన నాణెం

మందమర్రిలో మేమున్న రెండు గదుల క్వార్టరులో, దేవుడి గూట్లో, కుంకుమ భరిణె పక్కన ఒక బిళ్ళ ఉండేది. గోదావరికి ఆవలి ఒడ్డున మా మేనత్త వాళ్ళ చేనులో, నాగలి చాలులో బయటపడిందట. మా బాపు దానిని రోమను నాణెమనేవాడు. నాకు పదేళ్ళప్పుడు, దీపావళి ముందర ఇత్తడి సామాను తోముతూ, ఆ బిళ్ళను కూడా చింతపండూ బూడిదా వేసి శ్రద్ధగా తోమాను. తళతళలాడింది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఆ మెరుపు కోసం నేను చెల్లించిన మూల్యం నాకు తెలియడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

బాపు మాట మరీ గాలికబురు కాదు. నల్గొండ ప్రాంతపు అక్కెనపల్లిలో రోమను వెండి నాణేలు పదిహేను వందలకు పైగా ఒక్కచోటే దొరికాయి. మా ఏటికి దగ్గరలోనే, పెద్దపల్లి పక్కనున్న పెద్దబంకూరు తవ్వకాలలోనూ రోమను నాణేలు కనబడ్డాయి. కొండాపురంలోనైతే తిబేరియస్ నాణేన్ని చూసి మట్టితో చేసిన బిళ్ళలు దొరికాయి. నగగా ధరించడానికే చేసి ఉంటారు. చక్రవర్తి తల మన ఆడవాళ్ళ మెడలో వేలాడిందన్న ఊహ నాకెంతో ఇష్టం.

రోమను దెనారియస్ అరిగిపోయినా దానిని గుర్తించే దారి ఉంది. అక్షరాలను మరచి ఆకారాన్ని చూడాలి. ఒక వైపు తల, రెండవ వైపు ఇద్దరు నిలబడిన మనుషులు, వారి నడుమ డాళ్ళు, బల్లేల నీడ కనబడితే అది అగస్టస్‌ది. ఆ ఇద్దరూ అతడు దత్తత తీసుకున్న మనుమలు గాయస్, లూషియస్. ఆసనంపై కూర్చున్న స్త్రీ మూర్తి ఒక్కతే కనబడితే తిబేరియస్‌ది. మన దేశానికి వచ్చిన వెండి నాణేలలో ఎక్కువ భాగం ఈ రెండు రకాలే. క్రీ.శ. 64లో నీరో వెండి పాలు తగ్గించిన తరువాతి నాణేలు ఇక్కడ అరుదు. మన వర్తకులు అంత తేలికగా మోసపోయేవారు కారన్నమాట!

నా బిళ్ళపై తలా లేదు, మనుషులూ లేరు. అసలది వెండే కాదు. కాగితంపై గీస్తే బూడిదరంగు చార పడుతుంది: సీసం. గనిలో పైకప్పును కర్రతో తట్టి, శబ్దాన్ని బట్టి గట్టిదో గుల్లదో చెప్పగలిగిన బాపు, రాతిపై వేస్తే మోగని ఈ బిళ్ళను వెండి అని ఎలా నమ్మాడో! బహుశా నమ్మాలనుకున్నాడు.

టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా పట్టి, బిళ్ళను మెల్లగా తిప్పుతూ చూశాను. ఒక వైపు ఏనుగు వీపు, ఎత్తిన తొండం. రెండవ వైపు కూడలి గీతల కొసన రెండు వృత్తాలు. నాలుగుండాలి, దీనినే ఉజ్జయినీ చిహ్నమంటారు. శాతవాహనుల నాణెమని చెప్పడానికి ఇంతవరకు చాలు. ఏ రాజుదన్నది మాత్రం ఏనుగు చుట్టూ ఉండే బ్రాహ్మీ అక్షరాలే చెప్పాలి. సాధారణంగా అవి 'రఞో' అని మొదలై, నడుమ పేరు వచ్చి, 'స'తో ముగుస్తాయి: ఫలానా రాజుయొక్క, అని. నా బిళ్ళపై మిగిలింది కొక్కెం వంటి ఒక్క 'స'. 'యొక్క' మిగిలింది, రాజు పోయాడు. సీసానికి పులుపు శత్రువని అప్పుడు తెలుసుకున్నాను.

ఒక పేరు పోతే ఏమవుతుందంటారా? మా ఏటి ఒడ్డునే ఉన్న కోటిలింగాల సంగతి చూడండి. అక్కడ సంగనభట్ల నరహరిశర్మగారు సేకరించిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు పరిశీలించారు. గోబద, నారన, కంవాయసిరి, సమగోప అన్న, పురాణాలెరుగని రాజులు బయటపడ్డారు. మరికొన్నింటిపై ఆయన 'చిముక' అని చదివారు. ఆయన దృష్టిలో ఇతడే పురాణాలు చెప్పే తొలి శాతవాహనుడు. ఆ పఠనాన్ని, ఆ గుర్తింపును అంగీకరించని నాణేవేత్తలూ ఉన్నారు. శాతవాహనులు ఎక్కడ మొదలయ్యారన్న వివాదమంతా వేలిగోరంత లోహంపైని రెండు మూడు అక్షరాల చుట్టూ తిరుగుతోంది. నేను పరబ్రహ్మశాస్త్రిగారి వైపే మొగ్గుతాను. అయితే అందులో నా ఊరి అభిమానం పాలెంతో నాకే తెలియదు.

పేరును చెరపడం రాజులకు బాగా తెలిసిన విద్యే. 1906లో నాసిక్ దగ్గర జోగళ్తెంబిలో నహపానుడి వెండి నాణేలు పదమూడు వేలకు పైగా దొరికాయి. వాటిపై గ్రీకు లిపిలో అతడి పేరుంటుంది. మూడింట రెండు వంతులకు పైగా నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మళ్ళీ కొట్టించాడు. అయినా కొత్త ముద్ర కింద పాత గ్రీకు అక్షరాలు అక్కడక్కడ తొంగిచూస్తూనే ఉంటాయి. శాతకర్ణి సుత్తి దెబ్బకు కూడా కొన్ని అక్షరాలు మిగిలాయి. నా చింతపండుకు మిగల్లేదు.

ఎల్లంపల్లి జలాశయం కట్టాక నీరు కోటిలింగాల పరిసరాల దాకా వచ్చింది. మేనత్త చేను అమ్ముడుపోయింది. బాపు పోయి తొమ్మిదేళ్ళు. చివరిసారి ఇంటికి వెళ్ళినప్పుడు, అది రోమను నాణెం కాదని అమ్మతో చెప్పాను. "మరెవరిదిరా?" అంది.

"మనదే. ఎవరిదో చెప్పలేను" అన్నాను.

అమ్మ దానిని పమిట కొంగుతో తుడవబోయింది. గభాలున చెయ్యి పట్టుకున్నాను.