తాకట్టు విడిపించుకునే హక్కు

మెదక్ జిల్లా నిజాంపేటలో బ్యాంకు లోన్‌తో ఇల్లు కట్టుకున్న కుటుంబం ఒకటి పిల్లల చదువుల కోసం హైదరాబాద్‌కు మారాలనుకుంటోందని అనుకుందాం. నాలుగు పైసలు మిగిలాయి. వాటిని కిస్తుకు మించి లోన్‌లో కట్టేయాలా, కొత్త ఇంటి కోసం దాచాలా? ‘ముందు పైసలు చేతిలో ఉండనీ’ అంటారు పెద్దలు. ఆ మాట పాత కాలపు అప్పుకు సరిగ్గా సరిపోయేది. అప్పు తీరు మారింది కాబట్టి దాన్ని ఈ రోజు మళ్లీ తూచి చూడాలి.

పొలాన్ని స్వాధీనం చేసి కుదువ పెట్టే పద్ధతిలో పంటే మిత్తి. అసలు మొత్తం ఒక్కసారి చెల్లిస్తేనే పొలం తిరిగొచ్చేది. సగం కట్టినంత మాత్రాన షావుకారు సగం పంట వదిలిపెట్టడు. అలాంటప్పుడు విడతలుగా తీర్చడం వల్ల లాభమేముంది? మొత్తం కూడేదాకా వెండో బంగారమో చేసి దాచుకోవడమే తెలివి. నిజానికి విడిపించుకునే హక్కు మన దగ్గర చాలా పాతది. మెదక్ ప్రాంతం కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉన్న కాలంలో, ఆరో విక్రమాదిత్యుడి ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్యానం రాశాడు. ఆయన వ్యాఖ్యానించిన యాజ్ఞవల్క్య స్మృతి ప్రకారం, బాకీ తీర్చడానికి వచ్చినవాడికి తాకట్టు వస్తువు ఇవ్వని షావుకారు దొంగతో సమానం. షావుకారు అందుబాటులో లేకపోతే అతని ఇంటివాళ్లకు సొమ్ము అప్పజెప్పి వస్తువు తెచ్చుకోవచ్చు. అయితే గడువుకు ముందే తీర్చే స్వేచ్ఛ వేరు. బ్రిటిష్ ఇండియాలో వచ్చిన 1882 ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షన్ కూడా అసలు చెల్లించాల్సిన గడువు వచ్చాకే విడిపించుకునే హక్కు పుడుతుందని చెప్పింది. గడువుకు ముందే తీరిస్తే షావుకారు రాబడి పోతుంది. ముందస్తు చెల్లింపుపై బ్యాంకులు జరిమానా వేసింది కూడా ఆ లెక్కతోనే. వ్యక్తుల ఫ్లోటింగ్ రేటు ఇంటి రుణాలపై ఆ జరిమానాను రిజర్వు బ్యాంకు 2012లో రద్దు చేసింది. సామాన్యుడి చేతికి వచ్చిన పెద్ద హక్కుల్లో దీన్ని ఒకటిగా లెక్కించాలి. దాని గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ.

ఇప్పుడు మిత్తి మిగిలిన అసలు మీదే పడుతుంది కాబట్టి కొంత కట్టినా లాభం వెంటనే మొదలవుతుంది. ఉదాహరణకు 8.5 శాతం మిత్తితో 20 ఏళ్లకు 20 లక్షలు తీసుకుంటే నెల కిస్తు దాదాపు 17,356 రూపాయలు. మొదట్లోనే అదనంగా ఒక లక్ష కట్టి, కిస్తు మార్చకుండా సాగిస్తే సుమారు 28 కిస్తులు తగ్గుతాయి. లోన్ మిత్తి కంటే తక్కువ వడ్డీ వచ్చే డిపాజిట్, అందులోనూ పన్ను కోత పడేది, దీనికి సాటి రాదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. లోన్‌లో కట్టిన సొమ్ము అడిగినప్పుడు తిరిగి రాదు. కొత్త ఇంటికి మాత్రం రొక్కం కావాలి. 30 లక్షలు దాటిన రుణానికి బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వదు, 75 లక్షలు దాటితే 75 శాతమే. తెలంగాణలో 2021 జులై నుంచి మొత్తం 7.5 శాతమైన స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు సాధారణంగా ఆ విలువ లెక్కలోకే రావు. పాత ఇల్లు అమ్మితే కట్టిన సొమ్ము ధరలో తిరిగొస్తుందన్నది నిజమే, కానీ పల్లెలో ఇంటికి కొనేవాడు దొరకడానికి ఎంతకాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే మారే ఏడాది ఖరారైనవాళ్లు, ముఖ్యంగా రెండు మూడేళ్లలోపే వెళ్లేవాళ్లు, దాచుకోవడమే మేలు. ‘ఎప్పుడో ఒకప్పుడు పోదాం’ అనుకునేవాళ్లు మాత్రం ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకుని మిగిలింది లోన్‌లో కట్టాలి. రాని రోజు కోసం దాచిన సొమ్ముకు బ్యాంకు ఇచ్చేది తక్కువ, అదే బ్యాంకు మన దగ్గర తీసుకునేది ఎక్కువ. పైగా బాకీ మొత్తం తీరాక అప్పిచ్చిన బ్యాంకు అసలు దస్తావేజులు 30 రోజుల్లో ఇవ్వాలని, తన తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆ కాగితాలు చేతిలో ఉన్న ఇంటిని అమ్మడం, బాకీ ఉన్న ఇంటిని అమ్మడం కంటే చాలా సులువు.