కుందుర్పి చేను, కచేరీ చిట్టా

కుందుర్పి కొండ మీద పాలెగాళ్ళ కాలపు కోట ఉంది. కొండ కింద రాళ్ళు తేలిన ఎర్రనేలలు, మెట్ట చేలు, చెంతనే కర్ణాటక సరిహద్దు. అనంతపురం సీమలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ కురిస్తే. ఇలాంటి చోట ఒక చేను గురించి చిట్టాలో రాసే నాలుగు మాటలకు చాలా బరువుంటుంది. ఎందుకంటే ఆ మాటలు చదివి శిస్తు నిర్ణయించేవాడు చేను గట్టు తొక్కినవాడు కాడు. 1800లో నిజాము ఈ సీమతో సహా దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక, ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురైన చిక్కు ఇదే. నేడు ఏఐ ఏజెంట్లను తయారుచేసేవాళ్ళకు ఎదురవుతున్నదీ, రూపం మారినా, ఇదే. ఏజెంటు ముందు పది సాఫ్ట్‌వేర్ పనిముట్లు పెడతారు. ఒక్కోదానికి పేరు, అది ఏం చేస్తుందో చెప్పే రెండు మూడు వాక్యాలు, ఏ వివరాలు అందించాలో ఒక పట్టీ. లోపలి కోడు దానికి కనిపించదు. వివరణ చదివే దేన్ని పిలవాలో తేల్చుకుంటుంది. మరి ఆ వివరణ మంచిదో కాదో ఎలా తూచాలి? చదివినవాడి చేత అది ఏం చేయించిందో చూసే తూచాలి అంటాను. అందుకు దత్తమండలాల చరిత్రే సాక్ష్యం.

మన్రో సర్వే 1802 జూన్‌లో నలుగురు గుమాస్తాలతో మొదలైంది. కొలత తెలిసినవాళ్ళు అప్పటికి ఈ సీమలో అంతే. 33 అడుగుల గొలుసు, ఆ చదరాలు నలభై అయితే ఒక ఎకరం. ప్రతి పొలానికీ ఒక నంబరు, రైతు పేరు, విస్తీర్ణం, మెట్టా మాగాణా తోటా అన్న వివరం రాశారు. కొలిచినవాణ్ణి నమ్మి వదిలేయలేదు, వెనకే తనిఖీదారులు వెళ్ళి మళ్ళీ కొలిచారు. నేల తరగతి కట్టేటప్పుడు రెడ్డిని, కరణాన్ని, రైతుల్ని దగ్గరుంచుకున్నారు. ఆ కాలానికి ఇంతకన్నా జాగ్రత్త ఊహించలేం. అయినా 1807కల్లా మన్రోయే శిస్తు అన్ని భూముల మీదా 25 శాతం, బావుల కింది పంటకు ఇంకో 8 శాతం తగ్గించాలని పై అధికారులకు రాశాడు. అంత కొలిచి ఖాయం చేసిన రేటును అంత తగ్గించమని ఖాయం చేయించినవాడే అడిగాడు. గొలుసు తప్పయితే తనిఖీలో దొరికేది. రేటు భరించరానిదన్న సంగతి దొరికే చోటు అది కాదు. రైతు ఏటా కట్టగలిగాడా, చేను వదిలి పోయాడా అన్న చోటే అది బయటపడుతుంది.

బావి సంగతే చూడండి. కపిల కట్టి ఎద్దులతో నీళ్ళు తోడే బావి ఉంటే ఆ నేల చిట్టాలో తోట. మాట అబద్ధం కాదు, బావి ఉంది. కానీ తోలుబొక్కెన ఎన్ని నిలువులు దిగితే నీరందుతుందో, వేసవిలో ఎన్నాళ్ళు అందుతుందో, జత ఎద్దుల మేపుకు ఎంతవుతుందో ఆ ఒక్క మాటలో లేదు. బావి కింది పంటకు తగ్గింపు ఎక్కువ అడగడంలోని న్యాయం ఇక్కడే ఉంది. అలాగే ‘వాతావరణం చెబుతుంది’ అని రాసిన పనిముట్టు అబద్ధమాడటం లేదు. రేపటి వాన చెబుతుందా, నిన్నటి వాన లెక్క చెబుతుందా అన్నది విడమరచకపోతే ఏజెంటు తప్పు తలుపు తడుతుంది.

అయితే ఉన్నదంతా రాసేస్తే పోదా అనవచ్చు. ఆ పనీ ఈ సీమలో జరిగింది. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా రాయించిన కైఫీయతుల్లో, అంటే ఊరి వృత్తాంతాల్లో, పాలెగాళ్ళ వంశాలు, గుళ్ళు, చెరువులు, మాన్యాలు అన్నీ ఉన్నాయి. చదవడానికి అవి బంగారం, నా ఓటూ వాటికే. కానీ కైఫీయతు చేతిలో పెట్టి జమాబందీ, అంటే ఏటి శిస్తు లెక్క తేల్చడం, చేయమంటే ఏ తహసీల్దారూ చేయలేడు. వివరణ పొడవు పెరిగినకొద్దీ ఏజెంటుకూ పక్కపక్కనున్న పనిముట్ల తేడా మసకబారవచ్చు. ఇంకొక మాట వినిపిస్తుంది: చదివేవాడు తెలివైనవాడైతే వివరణ ఎలా ఉన్నా సర్దుకుంటాడని. మన్రో తెలివికి తక్కువేమీ లేదు. ఆయన సర్దుకున్నది తెలివితో మాత్రమే కాదు, వసూళ్ళ లెక్క కళ్ళ ముందుండబట్టి. పైగా రాసేవాడికీ స్వార్థం ఉంటుంది. అయినవాడి మాగాణిని మెట్టగా రాసే కరణం ఎలాగో, ‘ఏ పనికైనా ముందు నన్నే పిలువు’ అని వివరణలో రాసుకునే పనిముట్టూ అలాగే.

సర్కారు నేరుగా రైతుతోనే శిస్తు లెక్క చూసుకునే రైతువారీ పద్ధతి ఇందుకు కనిపెట్టిన విరుగుడు అజమాయిషీ. పైరు చేలో ఉండగానే వచ్చి, ఊరి పంట లెక్క అయిన అడంగల్‌లో రాసిందీ నేల మీద ఉన్నదీ ఒకటేనా అని చూడటం. పంట పోయిన ఏడు జమాబందీలో శిస్తు వజా ఇవ్వడం, అంటే వసూలు చేయకూడని సందర్భాన్ని గుర్తించడం. ఏజెంట్ల పరీక్షలోనూ నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది ఈ రెండోదే. సరైన పనిముట్టు ఎంచుకుందా, సరైన వివరాలు అందించిందా అన్నవి అందరూ చూస్తారు. ఏదీ పనికిరాని ప్రశ్న వేసినప్పుడు దేన్నీ పిలవకుండా ఊరుకుందా అన్నది బర్క్లీ విశ్వవిద్యాలయం వాళ్ళ పరీక్షల్లో విడిగా లెక్కిస్తారు. వివరణలో ఒక్క వాక్యం మార్చి, అవే పనులు మళ్ళీ చేయించి, ఎన్ని తప్పులు తగ్గాయో చూస్తే అది అజమాయిషీ. వివరణను మాత్రమే చదివి ‘బాగుంది’ అనడం కచేరీలో కూర్చుని చిట్టా మీద వేసే సంతకం.

1807లో మన్రో అడిగిన తగ్గింపు అప్పుడు రాలేదు. ఆయన ఇంగ్లండు వెళ్ళిపోయాడు, ఊళ్ళను మొత్తంగా కౌలుకిచ్చే పద్ధతి వచ్చింది. 1820లో ఆయనే మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాక గానీ రైతువారీ, తగ్గించిన శిస్తు దత్తమండలాలకు దక్కలేదు.