హాలెండు పిల్లలు గెలుచుకున్న వీధులు

ఆన్‌సైట్‌కి నెదర్లాండ్స్ వెళ్ళొచ్చినవాళ్ళు ముందుగా చెప్పేది సైకిళ్ళ గురించే. పిల్లలు సొంతంగా తొక్కుకుంటూ బడికి పోతారట! వెంటనే పక్కనున్నవాళ్ళు "వాళ్ళ కల్చర్ వేరు లెండి" అని తేల్చేస్తారు. నా పేచీ అంతా ఈ మాటతోనే.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత డచ్చివాళ్ళ చేతిలో డబ్బులాడింది, కార్లొచ్చాయి. పాత వీధులేమో కార్లు పుట్టకముందు కట్టినవి. ఊరి నడిమి ఖాళీ స్థలాలు పార్కింగుకి పోయాయి, ఇరుకు సందుల్లో రెండువైపులా కార్లు బారులు తీరాయి. ఆగిన కార్ల మధ్యనుంచి రోడ్డు మీదికొచ్చే పిల్లాడు డ్రైవరుకి కనబడడు, వాడికి వచ్చే బండి కనబడదు. 1971లో కోటీ ముప్పై లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో రోడ్ల మీద చనిపోయినవాళ్ళు మూడు వేల పైమాటే. అందులో 400 మందికి పైగా పిల్లలు!

వాళ్ళలో విక్ లాంగెన్‌హోఫ్ అనే జర్నలిస్టు కూతురొకతి. ఆరేళ్ళ పిల్ల. సైకిల్ మీద బడికెళ్తుంటే కారు గుద్దింది. 1972లో ఆయన 'డె టైడ్' పత్రికలో రాసిన వ్యాసం శీర్షిక "పిల్లల హత్యలు ఆపండి". ప్రమాదాలు అనలేదు, హత్యలన్నాడు.

ఆ పేరుతోనే ఉద్యమం పుట్టింది. తల్లిదండ్రులు వీధులు మూసేసి పిల్లల్ని ఆడించారు. ప్రధాని యోప్ డెన్ అయిల్ ఇంటికి సైకిళ్ళమీద వెళ్ళి పాటలు పాడారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని డె పైప్ అనే ఇరుకు పేటలోనైతే 1972లో పిల్లలే ఆటస్థలం కోసం వీధికి అడ్డం కట్టారు. కార్లవాళ్ళు ఊరుకుంటారా? పెద్ద గొడవ. అదంతా అప్పటి టీవీ డాక్యుమెంటరీలో ఉంది. మరి కల్చర్ ఎక్కడ వేరు?

1973 చమురు సంక్షోభంలో ఆదివారాలు కార్లు తీయొద్దన్నప్పుడు, కార్లు లేని వీధి ఎలా ఉంటుందో దేశమంతా చూసింది. 1976లో 'వోనెర్ఫ్' వీధులకి చట్టం వచ్చింది. 1960ల చివర్లో డెల్ఫ్ట్‌లో మొదలైన పద్ధతి ఇది. అక్కడ వీధి వెడల్పంతా నడిచేవాళ్ళది, పిల్లలు ఆడుకోవచ్చు. కారు మనిషి నడక వేగంతోనే పోవాలి, గుర్తు పెట్టిన చోటే ఆగాలి. బోర్డు పెట్టేసి చేతులు దులుపుకోకుండా, చెట్లూ మలుపులూ పెట్టి స్పీడుగా పోవడానికి వీల్లేకుండా వీధినే మార్చేశారు. మన భాషలో చెప్పాలంటే, యూజర్ మాన్యువల్ మీద ఆధారపడకుండా డిజైన్‌నే సరిచేశారన్నమాట.

2010కల్లా రోడ్ల మీద చనిపోయిన పిల్లల సంఖ్య 14కి దిగింది.

మన దగ్గర రూల్ లేదనుకునేరు! 1989 నాటి కేంద్ర ట్రాఫిక్ నిబంధనల్లోనే బడి గేటు దగ్గర, ఫుట్‌పాత్ మీద, పాదచారుల క్రాసింగ్ దగ్గర బండి ఆపకూడదని ఉంది. 2017లో వాటి స్థానంలో కొత్తవీ వచ్చాయి. అయినా పొద్దున బడి గేటు ముందు డబుల్ పార్కింగ్ చేసేదెవరో చూడండి. చాలామటుకు తల్లిదండ్రులే, తమ పిల్లలు క్షేమంగా దిగాలనే! వెనక నడిచొచ్చే పిల్లాడికి ఆ కారే అడ్డం.

డచ్చి తల్లిదండ్రులు అడిగారు, పోట్లాడారు, సాధించుకున్నారు. మన పేరెంట్స్ మీటింగుల్లో ఫీజుల గోల అయ్యాక, గేటు ముందు ఫుట్‌పాత్ అంచున నాలుగు ఇనప స్తంభాలు పాతించమని మునిసిపాలిటీకి అర్జీ పెడితే ఎలా ఉంటుంది? సంతకాలు సేకరించడం అంత కష్టమేం కాదు.

ఏమంటారు?